వాద్యము ఎవరిది? ఖర్చు ఎవరిది?

పఠనభాగములు: 2 సమూయేలు 24:18–25, నెహెమ్యా 13:4–13, నిర్గమకాండము 22:14, 15

సంఘ కమిటీ కూడికలలో పైకప్పు మరమ్మతును గూర్చియు, ప్రహరీ గోడను గూర్చియు, కరెంటు బిల్లును గూర్చియు గంటల తరబడి మాటలాడుదుము. అయితే ప్రతి ఆదివారము బల్లపీఠము ప్రక్కను కూర్చుండి వాయించు యౌవనస్థుని వాద్యము ఎవరి రూకలతో కొనబడెనో, అది చెడిపోయిన నాడు ఎవరు బాగుచేయింపవలెనో అను ప్రశ్నను మాత్రము ఎవరును ఎత్తరు. ఎత్తినయెడల తన్ను లోభి యనుకొందురేమో అని వాయించువాడు ఊరకుండును. ఎత్తినయెడల సంఘపు పెట్టె విప్పవలసి వచ్చునేమో అని పెద్దలు ఊరకుందురు. ఈ రెండు మౌనముల నడుమ అనేక గానబృందములు చీలిపోవుచున్నవి. విడిపోయినవారు స్వరమునుబట్టియో పాటనుబట్టియో విడిపోయితిమని చెప్పుదురు గాని, మూలము వెదకినయెడల ఒక కాలిపోయిన అడాప్టరో, ఎవరును కట్టని ఒక మరమ్మతు బిల్లో కనబడును. కావున ఈ నెల పాఠములో ఈ సంగతినే వాక్యపు వెలుగులో పరిశీలింతము.

మునుపటి దినములలో ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. అనేక సంఘములలో ఒక హార్మోనియము, ఒక తబలా జత, ఒక కంజిర, తాళములు మాత్రమే ఉండెడివి. అవి సంఘపు ఆస్తి. ఆరాధన కాగానే గుడ్డ కప్పి గదిలో పెట్టి తాళము వేసెడివారు. ఆ హార్మోనియము సయితము మన దేశపుది కాదు. 1842లో పారిస్ నగరములో దెబెన్ అనునతడు దానికి పేటెంటు పొందెను. కాళ్లతో తొక్కి వాయించు ఆ వాద్యమును 19వ శతాబ్దపు చివరి భాగమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుండి ఒక చేతితో తిత్తి కొట్టుకొను పెట్టెగా మార్చెను. అటువంటి పెట్టె ఒకటి కొన్నయెడల, ఎలుకలు తిత్తిని కొరకకుండ చూచుకొన్న సంఘమునకు ఒక తరము గడచిపోవును. వాయించువాడు మారినను పెట్టె మారదు.

ఇప్పుడు అట్లు కాదు. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, గిటారు, బేస్ గిటారు, వాటికి ఆంప్లిఫయర్లు, కేబుళ్లు, చెవిలో పెట్టుకొను పరికరములు వచ్చినవి. కొన్ని కీబోర్డుల ధర లక్ష రూపాయలు దాటును. పైగా ఇవి హార్మోనియమువలె ఒక తరమంతయు నిలుచునవి కావు. కరెంటు హెచ్చుతగ్గులకు లోపలి బోర్డు కాలిపోవును, తేమకు మీటలు పట్టుకొనును, పది సంవత్సరములు గడచునప్పటికి విడిభాగములు దొరకుట కష్టమగును. సంఘము ఇంత ఖర్చును ఒకేసారి పెట్టలేకపోయినందున, ఎవని వాద్యము వాడే తెచ్చుకొను వాడుక మెల్లగా ప్రవేశించెను. ఏ కమిటీయు దానిని తీర్మానించలేదు. ఎవరును వద్దనలేదు గనుక అది అలవాటాయెను.

ఒక యువకుని తలంచుకొనుడి. అతడు సెల్‌ఫోన్ల దుకాణములో పని చేయుచున్నాడు. తండ్రి ఆటో నడుపుచున్నాడు. సంఘములో వాయించువారు లేరని అయ్యగారు ప్రోత్సహింపగా అతడు వాయిదాలమీద ఒక కీబోర్డు కొనెను. ఆదివారము ఆరాధన, బుధవారము ప్రార్థన, శుక్రవారము ఉపవాస కూడిక, స్త్రీల సమాజపు వార్షికోత్సవము, డిసెంబరు నెలలో మంచులో వ్యాను వెనుక కూర్చుండి ఇంటింటికి కేరల్స్ — అన్నిటికిని అదే కీబోర్డు. సువార్త కూటముల రెండవ రాత్రి జనరేటరు మార్చునప్పుడు కరెంటు ఒక్కసారి ఎగసి అది మూగబోయెను. ఇంకను ఎనిమిది వాయిదాలు మిగిలియున్నవి. కోశాధికారియొద్దకు వెళ్లినప్పుడు ఆయన మృదువుగానే, “అది నీదే గదా నాయనా, చూచుకో” అనెను. మ్రోగినంతకాలము అది మన కీబోర్డు. మూగబోయిన నాటనుండి అది నీ కీబోర్డు. ఈ కథ కల్పితమే గాని, చదువరులలో కొందరైనను దీనిని గుర్తుపట్టుదురని మేము తలంచుచున్నాము.

దీనికి రెండవ ప్రక్క కూడ ఉన్నది. కలిగిన యింటి కుమారుడొకడు మిక్కిలి విలువగల వాద్యములు తెచ్చి నిలువబెట్టును. అందరును సంతోషింతురు. కొంతకాలము గడచినప్పుడు ఏ పాట పాడవలెనో, ఎంత బిగ్గరగా వాయింపవలెనో, ఎవరు ప్రక్కను నిలువవలెనో అతడే నిర్ణయించును. పెద్దలు ఒక మాట అన్నయెడల, మరుసటి ఆదివారము వాద్యములు కనబడవు. సంఘపు సంగీతమంతయు ఒకని సంచిలో పెట్టబడి ఒకని యింటికి పోవును. ఇక్కడ తప్పు అతనిదొక్కనిదే కాదు. ఖర్చును ఒకని మీద విడిచిపెట్టినవారు అధికారమును కూడ అతనికే విడిచిపెట్టిరి.

అయితే మా దృష్టికి వీటికంటె బరువైన సంగతి మూడవది. దానిని ఎవరును చూడరు. వెనుక వరుసలో చాపమీద కూర్చుండియున్న కూలివాని కుమార్తె లేక కుమారుడు, దేవుడు మంచి చెవి ఇచ్చినవాడు, లయ తప్పనివాడు, ఎన్నడును ముందుకు రాడు. వానిని ఎవరును అడ్డగింపలేదు. వానికి వాద్యము లేదు, అంతే. ఎవని వాద్యము వాడే తెచ్చుకొనవలెనను అలవాటు, వాయించు వరమును దేవుడు కలిగినవారికే ఇచ్చెనని చెప్పకయే చెప్పుచున్నది. ఇది మన ఆరాధనలో ఉండదగిన మాటయేనా?

ఇప్పుడు వాక్యమును చూతము. వాయించువాడు తన ఖర్చు తానే భరింపవలెననువారు సాధారణముగా దావీదు మాటను ఎత్తి చూపుదురు. తనకు వెల కలుగని దానిని దేవునికి బలిగా అర్పింపనని ఆయన చెప్పెను గదా, గనుక సేవ చేయువాడు తన చేతి రూకలు పెట్టుటయే అర్పణ అందురు. ప్రియులారా, 2 సమూయేలు 24వ అధ్యాయమును 18వ వచనమునుండి నెమ్మదిగా చదువుడి. అక్కడ ఇద్దరున్నారు. ఒకడు రాజైన దావీదు. రెండవవాడు తన కళ్లములో పనిచేసికొనుచున్న అరౌనా. బలిపీఠము కట్టుటకు రాజు కళ్లము కొన వచ్చినప్పుడు, అరౌనా బలికి ఎడ్లను, కట్టెలకు ప్రతిగా నూర్చు సామానును ఎడ్ల కాడిని కూడ ఉచితముగా ఇచ్చెదననెను. నూర్చు సామాను అనగా ఏమి? ఆ మనుష్యుని పనిముట్లు. అతని జీవనాధారము.

దావీదు వాటిని ఊరక తీసికొనలేదు. వెల ఇచ్చియే కొందునని పట్టుబట్టి, 50 తులముల వెండి తూచి ఇచ్చెను. మనము ఎత్తి చూపు ఆ మాట పనివానితో నీవు ఖర్చు పెట్టుమని చెప్పిన మాట కాదు. పనివాని పనిముట్లను ఉచితముగా పుచ్చుకొని, దానిని తన అర్పణ అని చెప్పుకొననని అధికారములో ఉన్నవాడు చెప్పిన మాట. సంఘము ఒక పేద యువకుని కీబోర్డును మూడు సంవత్సరములు వాడుకొని, మా ఆరాధన ఎంత మధురముగా నున్నదో చూడుడని అతిథులతో చెప్పినయెడల, ఆ మాధుర్యమునకు సంఘము చెల్లించిన వెల ఏమి? ఈ వచనమును పెద్దలు వాయించువానికి చదివి వినిపించుట కంటె, తమకు తాము చదువుకొనుట మేలు.

ఇది ఒక్క స్థలములోని మాట కాదు. ప్రత్యక్షపు గుడారము కట్టబడినప్పుడు నేర్పు బెసలేలునకు కలిగెను గాని, అతడు తన యింటి బంగారము తెచ్చి చేయవలెనని మోషే అడుగలేదు. ఇశ్రాయేలీయులు మనఃపూర్వకముగా తెచ్చిన దానిని పనివారు మోషేయొద్దనుండి పుచ్చుకొనిరని నిర్గమకాండము 36:3లో చదువుచున్నాము. నేర్పు ఒకనిది, సామగ్రి సమాజమంతటిది. సంఖ్యాకాండము 10వ అధ్యాయములో సమాజమును పిలుచుటకు రెండు వెండి బూరలు చేయింపవలసినదిగా మోషేకే ఆజ్ఞ వచ్చెను, ఊదవలసినవారు యాజకులు. 1 దినవృత్తాంతములు 23:5లో వాద్యములతో స్తుతించు లేవీయులు 4,000 మంది. ఆ వాద్యములు దావీదు చేయించినవి. 2 దినవృత్తాంతములు 7:6లో అవే వాద్యములు యెహోవావని చెప్పబడెను. సొలొమోను దూరదేశపు చందనపు మ్రాకులతో గాయకులకు సితారాలను స్వరమండలములను చేయించినట్లు 1 రాజులు 10:12లో ఉన్నది. లేవీయుడు తన వాద్యమును యింటినుండి మోసికొని వచ్చెనని ఈ స్థలములలో ఎక్కడను లేదు.

నెహెమ్యా దినములలో ఈ క్రమము చెడిపోయెను. ఎట్లు చెడిపోయెనో చూచుట మనకు మిక్కిలి ప్రయోజనకరము. యాజకుడైన ఎల్యాషీబు, లేవీయులకును గాయకులకును రావలసిన ధాన్యమును ద్రాక్షారసమును నూనెను నిలువచేయు గొప్ప గదిని టోబీయా అను పెద్దమనిషికి ఇచ్చివేసెను. గదిలో పెద్దమనిషి సామాను చేరెను; గాయకుల పాలు కనబడకపోయెను. వారేమి చేసిరి? సణుగలేదు, ఉత్తరములు వ్రాయలేదు. ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయిరి. నెహెమ్యా తిరిగి వచ్చి ఎవరిమీద కోపపడెను? భక్తి చాలదని గాయకులను గద్దించెనా? లేదు. దేవుని మందిరము ఎందుకు విడిచిపెట్టబడెనని అధికారులతో వాదించెను. టోబీయా సామానును బయట పారవేయించి, గదులను శుద్ధిచేయించి, గాయకులను సమకూర్చి వారి స్థలములలో నిలిపెను. అంతటితో ఊరకుండక, నమ్మకస్థులని పేరు పొందిన నలుగురిని నిలువగదుల మీద నియమించెను. మన సంఘములలో గాయకులు రావడములేదని చెప్పుకొనునప్పుడు, గదిలో ఎవరి సామాను నిండియున్నదో ఒకసారి చూచుకొనవలెను. సన్మాన శాలువలకును స్వాగత ద్వారములకును రూకలు దొరకి, తబలా మూతకు దొరకకపోవుట మేము చూచుచున్న సంగతియే.

అయితే ఈ సంగతిలో వాయించువాడు వినవలసినది కూడ ఉన్నది. 1 కొరింథీయులకు 9వ అధ్యాయములో పౌలు, తన ఖర్చుతో దండులో సేవచేయువాడెవడని అడిగెను. అట్లడిగి, తనకు ఆ హక్కున్నను దానిని వాడుకొనలేదని చెప్పెను. హక్కును విడిచిపెట్టుట అతని సంతోషము. కొరింథు సంఘము అతని హక్కును లాగివేయలేదు. తన వాద్యమును దేవుని సేవకు ఇచ్చి, మరమ్మతును తానే చేయించుకొని, ఎవరికిని చెప్పకుండ సంతోషించు సహోదరులు మన మధ్యనున్నారు. వారిని దేవుడు ఎరుగును. అయితే ఇచ్చివేసిన దానిని మరల చేతిలో పట్టుకొని లెక్క అడుగరాదు. నేను కొన్నాను గనుక నా యిష్టమనువాడు ఇంకను ఇవ్వలేదు, చూపించుచున్నాడు. ఇచ్చుటయా, ఎరువిచ్చుటయా అనునది మొదటనే తేల్చుకొనవలెను.

సంఘచరిత్రలో సయితము ఈ ప్రశ్న పలుమార్లు వచ్చెను. 18వ శతాబ్దములోను 19వ శతాబ్దపు మొదటి భాగములోను ఇంగ్లాండు పల్లె దేవాలయములలో అనేకము ఆర్గన్ లేనివి. వడ్రంగులు, చెప్పులు కుట్టువారు, సేద్యగాండ్రు మేడమీద కూర్చుండి ఫిడేలు, బేస్ వయొల్, క్లారినెట్టు, బసూను వాయించుచు కీర్తనలు నడిపించెడివారు. ఆ దేవాలయపు పెద్దల లెక్కల పుస్తకములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వాటిలో తీగెలకు ఇంత, ఊదు వాద్యముల రీడ్లకు ఇంత, బేస్ వయొల్ మరమ్మతుకు ఇంత అని వరుసగా వ్రాయబడియున్నది. కొన్ని చోట్ల పెద్ద వాద్యమే సంఘపు సొమ్ముతో కొనబడెను. బీద పల్లెలే అవి. అయినను వాయించువాని వ్రేళ్లక్రింద అరిగిపోయిన తీగె సంఘపు పనిలో అరిగినదని ఆ పెద్దలు గుర్తించిరి.

సాల్వేషన్ ఆర్మీ అనబడు రక్షణ సైన్యపు వాద్యబృందముల కథ ఇంకను దగ్గరది. మన బాపట్ల ప్రాంతమువారు ఆ సైన్యమును బాగుగా ఎరుగుదురు. 1878లో ఇంగ్లాండులోని సాల్స్‌బరీ పట్టణములో చార్లెస్ ఫ్రై అను ఇండ్లు కట్టు మేస్త్రి, అతని ముగ్గురు కుమారులు తమ యిత్తడి వాద్యములను తీసికొని వీధి కూటములకు వచ్చిరి. అల్లరి మూకలు బోధకులను కొట్టుచున్నందున కాపాడుటకు వచ్చినవారు, పాటకు తోడుగా వాయించిరి. సైన్యపు వాద్యబృందములకు అదియే ఆరంభమని చెప్పుదురు. ఆ వాద్యములు ఆ కుటుంబపువి. అయితే ఒక కుటుంబపు ఔదార్యముమీద ఒక గొప్ప పని నిలువదు. బృందములు వృద్ధియైన తరువాత వాద్యములు ఆయా శాఖల ఆస్తిగా ఉండి, వాయించువారు జీతము లేక వాయించుట అక్కడ వాడుకయాయెను. శ్రమ సభ్యుని అర్పణ, పనిముట్టు సంఘపు బాధ్యత. మేము చూచినంతవరకు ఇంతకంటె తేటయైన యేర్పాటు లేదు.

ఇక మన సంఘములలో దీనిని ఎట్లు జరిగింపవలెను? ఎవరు వచ్చి వాయించినను సంఘమునకు కావలసినవి కొన్ని ఉన్నవి. స్పీకర్లు, మిక్సర్, మైకులు, స్టెబిలైజరు, డ్రమ్ములు, కనీసము ఒక కీబోర్డు లేక మంచి హార్మోనియము — ఇవి బెంచీలవంటివి, గంటవంటివి. వీటిని ఒక సభ్యుడు తెచ్చుకొనవలెననుట, బోధకుడు ప్రసంగపీఠమును యింటినుండి మోసికొని రావలెననుటవంటిది. వీటిని సంఘమే కొనవలెను. బిల్లు సంఘపు పేర ఉండవలెను. ఆస్తుల రిజిస్టరులో తేదీ, వెల, వాద్యముమీది సంఖ్య వ్రాయవలెను. అట్లున్నప్పుడే వెనుక చాపమీది బిడ్డకు శనివారము సాయంకాలము నేర్చుకొనుటకు ఒక వాద్యము దొరకును. తాళపుచెవి ఎవరియొద్ద ఉండునో కూడ అప్పుడే నిర్ణయింపవలెను. పిల్లలు ముట్టుకొందురేమో అని సంవత్సరమంతయు తాళము వేసియుంచిన వాద్యము సంఘపుదైనను ఒకటే, కాకపోయినను ఒకటే.

గిటారువంటివి వేరు. వాయించువాని చేతికి అలవాటుపడిన వాద్యము వానిదిగానే ఉండుట సహజము. సంఘము దానిని కొనిపెట్టనక్కరలేదు. అయితే సేవలో అరిగినది సేవయొక్క ఖర్చే. తీగెలు, తబలా మూతలు, కేబుళ్లు, బ్యాటరీలు, బరువైన పెట్టెతో బస్సు ఎక్కలేక పట్టుకొన్న ఆటో కిరాయి — ఇవి చిన్నవి. ఒక్కొక్కటి చిన్నదగుటచేతనే అడుగుటకు సిగ్గుపడి యువకుడు మానుకొనును, సంవత్సరాంతమునకు అవి కూడి పెద్దవగును. అతడు అడుగువరకు కనిపెట్టక, సంఘపు సంవత్సరపు అంచనాలో సంగీతమునకు ఒక పద్దు పెట్టి, మూడు నెలలకొకసారి కోశాధికారియే పిలిచి ఇచ్చుట మర్యాద.

ఎరువు తెచ్చుకొన్నది చెడిపోయినయెడల ఎట్లు? నిర్గమకాండము 22:14, 15 జంతువులను గూర్చిన సందర్భములో చెప్పబడినను మన ప్రశ్నకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడి. పొరుగువానియొద్ద ఎరువు తెచ్చుకొన్నది యజమానుడు దగ్గర లేనప్పుడు పాడైనయెడల తెచ్చుకొన్నవాడు నష్టము అచ్చుకొనవలెను. యజమానుడు దానితోకూడ ఉన్నయెడల అచ్చుకొననక్కరలేదు. అద్దెకు తెచ్చినదైనయెడల అద్దెతో సరి. వాయించువాడు ఆదివారము తన కీబోర్డును గుడిలో విడిచి వెళ్లగా, శనివారపు రాత్రి ఎవరో దానిని వాడి పాడుచేసినయెడల సంఘము సందేహింపక చెల్లింపవలెను. అతడే వాయించుచుండగా పోయినయెడల ధర్మశాస్త్రము సంఘమును బలవంతపెట్టదు. అయితే సంఘపు జనరేటరు, సంఘపు వైర్లు కారణమైనప్పుడు, యజమానుడు దగ్గరనున్నాడని చెప్పి తప్పించుకొనుట న్యాయమని మేము అనలేము. ధర్మశాస్త్రము నిలిచిన చోట ప్రేమ ఇంకొక అడుగు వేయవలెను. 2 రాజులు 6వ అధ్యాయములో గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఆ శిష్యుడు అయ్యో అది ఎరువు తెచ్చినదే అని మొఱ్ఱపెట్టెను. ఎలీషా అది ఎవరిదో చూచుకొందురులే అనలేదు. ఇనుము తేలెను. ఎరువు పనిముట్టు విషయమై చింతించుట దేవుని మనిషికి తక్కువ పని కాలేదు.

సగము సంఘము, సగము వాయించువాడు పెట్టుకొని కొను పద్ధతి కొన్ని చోట్ల ఉన్నది. వినుటకు న్యాయముగా తోచును. కాని అతడు పెండ్లి చేసికొని హైదరాబాదుకు వెళ్లునప్పుడు ఆ కీబోర్డు ఎవరిది? సొలొమోను ఖడ్గము తెప్పించినను దానిని రెండుగా చేయలేము. సంఘమునకు పూర్తిగా కొను శక్తి లేనియెడల, సంఘపు నిధినుండి వడ్డీ లేకుండ అతనికి అప్పిచ్చి, నెలనెల కొంచెము తీర్చుకొననిచ్చుట మేలు. వాద్యము అతనిదగును, వడ్డీ భారము తప్పును, ఎవరి హృదయములోను లెక్క మిగులదు.

పెండ్లిండ్ల సంగతి కూడ చెప్పవలెను. వాయించు యువకులు వివాహములకు, ఇతర శుభకార్యములకు వెళ్లి కొంత సంపాదించుకొందురు. అది వారి కష్టము. తమ సొంత వాద్యముతో వెళ్లినయెడల సంఘమునకు అడుగు హక్కు లేదు. సంఘపు వాద్యము తీసికొని వెళ్లినయెడల ముందుగా చెప్పి, సంగీతపు పద్దుకు నిర్ణయించిన అద్దె కట్టి, తెచ్చినది తెచ్చినట్లే అప్పగింపవలెను. మూటగట్టి రాత్రివేళ తీసికొనిపోవుట తగదు. అలాగే ఎవరైనను, దూరదేశమందున్న బంధువులైనను, కానుకగా వాద్యము పంపినప్పుడు, అది సంఘమునకా, ఫలాని సహోదరునికా అని పంపినవారిచేతనే ఒక కాగితముమీద వ్రాయించుకొనుడి. ఎవరికని చెప్పక ఇచ్చిన కానుకలు ఇచ్చినవారు పోయిన తరువాత కలహములగును.

పదిపదిహేను కుటుంబములు మాత్రమే ఉన్న పల్లె సంఘములవారు ఇది చదివి నిట్టూర్చుదురేమో. మీకు మేము చెప్పునది వేరు. శక్తికి మించి అప్పు చేసి కీబోర్డు కొనకుడి. పట్టణపు ఆరాధనను ఫోనులో చూచి, అది లేనియెడల మన స్తుతి తక్కువదని యౌవనస్థులు అనుకొనునట్లు చేయకుడి. ఒక డోలక్, తాళములు, మంచి గొంతుగల ఇద్దరు స్త్రీలు ఉన్నయెడల పల్లెలో పాట నిలుచును. ఆ డోలక్ మాత్రము సంఘపుదై యుండనీయుడి. దానికి ప్రతి కుటుంబమును పంటకాలములో ఒక కుంచెడు గింజలు ఇచ్చినను చాలును. ఒకడే ఇచ్చినయెడల ఒకనిదగును. అందరును ఇచ్చినయెడల దానిని ముట్టుకొనుటకు ఏ బిడ్డయు భయపడడు.

యౌవనస్థుల కూడికలో ఈ పాఠమును చదువువారు ఈ క్రింది సంగతులను తమలో తాము చర్చించుకొనవచ్చును. మన గుడిలోని వాద్యములలో ఏది ఎవరిదో వ్రాసిన పుస్తకము ఉన్నదా, లేక అది ఒక్కరి జ్ఞాపకములో మాత్రమే ఉన్నదా? అరౌనా ఇచ్చెదనన్న నూర్చు సామానును దావీదు ఊరకనే తీసికొనియుండినయెడల, మరుసటి పంటకు అరౌనా ఏమి చేసియుండును? మన గానబృందములో ఈ సంవత్సరము చేరనివారెవరు, వారు ఎందుకు చేరలేదో ఎవరైనను వారి యింటికి వెళ్లి అడిగితిరా?